పాత కార్టూన్లు: స్ట్రీమింగ్ ప్రతి చూడాలా, దాచిన పాత రికార్డింగ్ చూడాలా? ఒక సమగ్ర మార్గదర్శి

కిందటి వేసవి సెలవుల్లో పెరంబూరులోని మా ఇంటికి వచ్చిన మేనకోడలు డోరా కార్టూన్ చూస్తూ అందులోని కోతిపిల్లను "బూట్స్" అంది. ఇంట్లో పెద్దవాళ్ళమంతా ఒక్కసారిగా "బుజ్జి కదా దాని పేరు!" అన్నాం. పిల్ల చూస్తున్నది అధికారికంగా దొరికే ఇంగ్లీషు మూలం. మా చెవుల్లో ఉన్నది చుట్టి టీవీ తమిళ డబ్బింగు. అచ్చ తెలుగు ముద్దుపేరు ఒకటి తమిళ ఛానెల్ మీదుగా చెన్నైలోని తెలుగు ఇంటికి తిరిగి రావడం అప్పట్లోనే మాకు వింతగా ఉండేది. పిల్ల చూస్తున్నదే అసలుది అనడానికి వీల్లేదు, మాకు గుర్తున్నదే అసలుది అనడానికీ వీల్లేదు. ఏ కార్టూన్‌కు ఏ ప్రతి చూడాలో, దాన్ని ఎలా పరీక్షించాలో, ఇంట్లో మిగిలిన టేపులను ఎలా కాపాడుకోవాలో నాకు తెలిసినంతవరకు ఒక వరుసలో రాస్తున్నాను.

మొదటి అడుగు: మీకు కావలసిన 'అసలు' ఏదో తేల్చుకోండి

టామ్ అండ్ జెర్రీనే తీసుకుందాం. 1940లో వచ్చిన మొదటి చిత్రంలో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. 1940 నుంచి 1958 వరకు దర్శకులు హానా, బార్బెరా ఎమ్‌జీఎమ్ సంస్థకు తీసిన 114 చిత్రాలూ సినిమా హాళ్ళ కోసం తీసినవి. అవి టీవీకి వచ్చేసరికి కొన్ని మారిపోయాయి. చాలా చిత్రాల్లో కాళ్ళు మాత్రమే కనిపించే నల్లజాతి పనిమనిషికి మొదట గొంతు ఇచ్చినది లిలియన్ రాండాల్ఫ్. 1960లలో అమెరికా టీవీ కోసం కొన్ని చిత్రాల్లో ఆ పాత్ర స్థానంలో ఒక తెల్లజాతి స్త్రీని కొత్తగా గీసి, గొంతు కూడా మార్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లో మరొకసారి గొంతు మార్చిన ప్రతులు వచ్చాయి. అంటే మీ దగ్గర ఉన్న టేపు టీవీ నుంచి ఎక్కించుకున్నది అయితే, అది పాతదే అయినా హాల్లో ఆడిన చిత్రం కాకపోవచ్చు. పాతది కనుక అసలుదే అనుకోవడం ఎంత పొరపాటో, అధికారికంగా వచ్చింది కనుక అసలుదే అనుకోవడమూ అంతే పొరపాటు.

కాబట్టి ముందుగా మూడింటిలో ఏది కావాలో నిర్ణయించుకోండి: దర్శకుడు, చిత్రకారులు తయారు చేసి విడుదల చేసిన రూపమా, మొదటిసారి టీవీలో ప్రసారమైన రూపమా, లేక మన ఇంట్లో, మన భాషలో విన్న రూపమా. మొదటిదానికి చాలాసార్లు అధికారిక పునరుద్ధరణే మేలు. మూడోదానికి మాత్రం చాలాసార్లు ఎవరో ఇంట్లో ఎక్కించుకున్న టేపు తప్ప వేరే సాక్ష్యం ఉండదు. దూరదర్శన్‌లో 1993లో హిందీలో వచ్చిన జంగిల్ బుక్ ఇందుకు మంచి ఉదాహరణ. అది జపాన్‌కు చెందిన నిప్పన్ యానిమేషన్ 1989లో మొదలుపెట్టిన 52 భాగాల ధారావాహిక. మన తరానికి దానితో పాటే గుర్తుకొచ్చే ప్రారంభ గీతం గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరిచినది. అది జపాన్ మూలంలో లేనే లేదు. మూలాన్ని ఎంత శుభ్రంగా పునరుద్ధరించినా ఆ పాట అందులోకి రాదు.

రెండో అడుగు: చూడబోయే ముందే ఒక చీటీ రాసుకోండి

ఒక కాగితం మీద కార్టూన్ పేరు, విడుదలైన సంవత్సరం, అసలు నిడివి నిమిషాలూ సెకన్లతో సహా, తెర ఆకారం, అసలు భాష రాసుకోండి. పది నిమిషాల పని, తరువాత గంటల వాదనను తప్పిస్తుంది. తెర ఆకారం గురించి ఒక మోటు లెక్క గుర్తుంచుకుంటే చాలు. 1950ల తొలి సంవత్సరాల వరకు హాళ్ళలో ఆడిన కార్టూన్లూ, 2000 ప్రాంతం వరకు టీవీ కోసం తీసిన చాలా కార్టూన్లూ దాదాపు చతురస్రానికి దగ్గరగా, అంటే 4:3 ఆకారంలో ఉంటాయి. 1954 నుంచి కొన్ని టామ్ అండ్ జెర్రీ చిత్రాలు సినిమాస్కోప్‌లో, బాగా వెడల్పుగా తీశారు. ఈ రెండో రకాన్ని మరిచిపోకండి; వీటి విషయంలో పాత టీవీ రికార్డింగే తప్పు ప్రతి, ఎందుకంటే చతురస్రపు టీవీకి సరిపెట్టడం కోసం రెండు పక్కలా బొమ్మను కోసేశారు.

మూడో అడుగు: అధికారిక ప్రతిని ముందు పరీక్షించండి

చందా కట్టి చూసే ప్రతి దగ్గరలో ఉంటుంది, చట్టానికి లోబడి ఉంటుంది, ధ్వని శుభ్రంగా ఉంటుంది. అందుకే ముందు దాన్నే చూడండి. అయితే నాలుగు చోట్ల అనుమానంతో చూడాలి.

మొదటిది అంచులు. 4:3 బొమ్మను 16:9 టీవీకి పూర్తిగా నింపాలంటే పైనా కిందా కలిపి ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు కోయాలి. 2019 నవంబరులో డిస్నీ ప్లస్‌లో సింప్సన్స్ పాత భాగాలు ఇలాగే కోసిన ఆకారంలో వచ్చాయి. అందులో ఒక దృశ్యంలో మూడు రకాల బీరు తొట్లు కనిపిస్తాయి, మూడింటికీ పైనుంచి వచ్చే గొట్టం ఒక్కటే. నవ్వంతా ఆ గొట్టంలోనే ఉంది. పై అంచు కోసేయడంతో గొట్టం మాయమై, హాస్యం కూడా దానితో పోయింది. ప్రేక్షకుల అభ్యంతరాల తరువాత 2020 మేలో పాత ఆకారంలో చూసుకునే వీలు కల్పించారు. మీరు చూస్తున్న ప్రతిలో తలల పైభాగాలు తరచూ తెగిపోతున్నా, కింద రాసిన పేర్లు అంచుకు తగులుతున్నా ఈ కోతను అనుమానించి, సెట్టింగుల్లో పాత ఆకారం ఎంపిక ఉందేమో వెతకండి. టీవీ రిమోట్‌లోని 'జూమ్' కూడా ఇదే పని చేస్తుంది. మా ఇంట్లో రెండు నెలలపాటు స్ట్రీమింగ్ సంస్థను తిట్టుకున్నాక తప్పు మా టీవీదేనని తెలిసింది.

రెండోది గీత. ఫిల్మ్ మీది గరుకునూ మచ్చలనూ తుడిచే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువగా వాడితే, వేగంగా కదిలే సన్నటి పెన్సిల్ గీతలను కూడా అది మచ్చలనుకుని చెరిపేస్తుంది. వార్నర్ సంస్థ లూనీ ట్యూన్స్ కార్టూన్ల డిస్కుల్లో కొన్నింటిపై ఈ ఫిర్యాదు చాలాకాలం నడిచింది. పరుగెత్తే దృశ్యంలో ఆపి, పిల్లి మీసాలు, తోక కొస, వేళ్ళ చివరలు చూడండి. గీతలు ముక్కలుగా తెగి ఉంటే తుడుపు ఎక్కువైందని అర్థం. నిలకడగా ఉన్న దృశ్యంలో ఎంత వెతికినా ఇది దొరకదు.

మూడోది పేర్ల పలక. వార్నర్ సంస్థ 1943 నుంచి పాత కార్టూన్లను 'బ్లూ రిబ్బన్' పేరుతో మళ్ళీ విడుదల చేసినప్పుడు అసలు శీర్షికలనూ, దర్శకుడు, చిత్రకారుల పేర్లనూ తీసేసి కొత్త పలక అతికించింది. మూల నెగటివ్‌నే అలా కత్తిరించినందువల్ల, ఎన్నో చిత్రాలకు ఆ పేర్లు ఎక్కడో మిగిలిన పాత ప్రింట్ల నుంచి మళ్ళీ సంపాదించవలసి వచ్చింది. శ్రమ పడినవాళ్ళ పేర్లు చూడాలనుకునే నాలాంటివాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

నాలుగోది లోపించినవి. 1968లో అమెరికాలో పదకొండు వార్నర్ కార్టూన్లను, వాటిలోని జాతి వెక్కిరింపుల కారణంగా టీవీ ప్రసారం నుంచి తొలగించారు. 2013లో రావలసిన ఒక టామ్ అండ్ జెర్రీ బ్లూ-రే సంపుటం రెండు చిత్రాలను వదిలేసిందని తెలిసి అభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరికి ఆ సంపుటమే అప్పట్లో బయటికి రాలేదు. అందుకే జాబితాలోని చిత్రాల సంఖ్యను మీ చీటీతో పోల్చుకోండి. తొలగింపు కంటే ముందు ఒక హెచ్చరిక వాక్యం వేసి పూర్తిగా చూపడం నాకు మేలనిపిస్తుంది. అయినా పిల్లలతో చూస్తున్నప్పుడు ఆ దృశ్యం వచ్చే ముందే ఒక మాట చెప్పి ఉంచండి. అది కార్టూన్ కనుక పిల్లలే అర్థం చేసుకుంటారులే అని వదిలేయకండి.

నాలుగో అడుగు: పాత రికార్డింగును వెతకడం, నమ్మదగినదో కాదో చూడడం

అమెరికాలో 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఈ వెతుకులాటకు పెద్ద దిక్కు. అక్కడ ఏ పేజీ తెరిచినా ముందు ఆడేది చాలాసార్లు సైట్ తానే కుదించి తయారు చేసిన చిన్న ప్రతి. ఫైళ్ళన్నీ చూపే జాబితా తెరిస్తే, ఎక్కించినవాళ్ళు ఇచ్చిన మూల ఫైలూ, సైట్ పుట్టించిన ప్రతులూ రెండూ కనిపిస్తాయి. మూల ఫైలునే తీసుకోండి. "నాణ్యత ఏమీ లేదు" అని చాలామంది వదిలేసే రికార్డింగుల్లో సగం ఈ చిన్న ప్రతి చూసి చెప్పిన తీర్పులే.

వీడియో సైట్లలో వ్యక్తులు ఎక్కించినవాటితో మరింత జాగ్రత్త కావాలి. యాంత్రిక గుర్తింపు నుంచి తప్పించుకోవడానికి బొమ్మను అద్దంలో లాగా తిప్పేస్తారు, కొద్దిగా పెద్దది చేస్తారు, స్వరస్థాయిని పెంచుతారు. దుకాణం బోర్డు మీది అక్షరాలు తిరగబడి ఉంటే ఇక ఆ ప్రతిని చూడనక్కర్లేదు. కృత్రిమ మేధతో పెంచిన, సెకనుకు 60 ఫ్రేములు చేసిన ప్రతులు మొదట మెరిసిపోతూ కనిపిస్తాయి. ఫ్రేములను మధ్యలో కల్పించి నింపడం వల్ల చిత్రకారుడు లెక్కపెట్టి పెట్టిన ఆగుడు, దెబ్బ, కుదుపు అన్నీ నీళ్ళలో జరుగుతున్నట్టు జారిపోతాయి. పాత కార్టూన్‌కు దీనికంటే పెద్ద అపకారం నేను చూడలేదు. గీతలు పడిన వీహెచ్ఎస్ టేపు దీనికంటే నిజాయితీ గలది.

మంచి రికార్డింగుకు కొన్ని ఆనవాళ్ళు ఉంటాయి. ఎక్కించినవాళ్ళు ఏ ఛానెల్, ఏ సంవత్సరం, ఏ టేపు నుంచి అన్నది రాస్తారు. మూలలో ఛానెల్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కాలాన్ని పట్టి ఇస్తుంది: కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995లో మొదలైంది, చుట్టి టీవీ 2007లో, తెలుగు ఖుషీ టీవీ 2009లో వచ్చాయి. ఖుషీ టీవీ గుర్తు ఉన్న రికార్డింగు కింద "1998" అని రాసి ఉంటే మిగతా వివరాలనూ నమ్మనక్కర్లేదు.

చట్టం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ రక్షణ ఉంటుంది. టీవీ ప్రసారాన్ని సొంతంగా చూసుకోవడానికి ఎక్కించుకోవడం తప్పు కాదని అదే చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. ఆ టేపును అందరికీ తెరిచి పెట్టడం వేరే సంగతి. దానికి హక్కుదారుల అనుమతి కావాలి. మొదట ఏ సందేహమూ లేనివాటితో మొదలుపెట్టాలనుకుంటే, 1941 నుంచి 1943 వరకు వచ్చిన 17 సూపర్‌మ్యాన్ లఘు చిత్రాలు, 1936 నాటి పొపాయ్-సింద్‌బాద్ చిత్రం అమెరికాలోనే హక్కుల పరిధి దాటిపోయినవి. 1928 నాటి స్టీమ్‌బోట్ విల్లీ 2024 జనవరి 1న అక్కడ ప్రజల సొత్తయింది.

అయిదో అడుగు: రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి చూడడం

ఒకే దృశ్యాన్ని రెండింటిలో ఆపి పోల్చండి. ముందు నిడివి చూడండి. సినిమా ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు, మన పాత టీవీ పద్ధతి అయిన పాల్ సెకనుకు 25 ఫ్రేములు. చాలామంది ఫిల్మును అలాగే 25 మీద నడిపేసేవారు. అందువల్ల ఏడు నిమిషాల కార్టూన్ 6 నిమిషాల 43 సెకన్లకు ముగుస్తుంది, సంగీతం అర్ధస్వరం కంటే కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. చిన్నప్పటి ప్రతిలో సంగీతం ఇంకా హుషారుగా ఉండేదని మీకు అనిపిస్తే అది కేవలం జ్ఞాపకం చేసే మాయ కాకపోవచ్చు. నిడివిలో తేడా సరిగ్గా నాలుగు శాతమైతే కారణం ఇదే, ఏదీ కోయలేదు. తేడా అంతకు మించితే కోసిన దృశ్యం కోసం వెతకాలి.

తరువాత రంగు. ఇక్కడ రెండు ప్రతులనూ నమ్మకూడదు. వీహెచ్ఎస్ టేపులో ఎరుపు అంచులు దాటి పారుతుంది. పాత 16 ఎమ్ఎమ్ ప్రింట్లలో చాలావాటికి నీలం, పసుపు వెలిసిపోయి బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. అది కాలం వేసిన రంగు, చిత్రకారుడు వేసినది కాదు. మంచి అధికారిక పునరుద్ధరణ ఇక్కడ చాలా ముందుంటుంది. అలాగని పునరుద్ధరణ చేసేవాళ్ళకు ఎప్పుడూ మూలం చేతికి దొరకదు: 1978లో అమెరికాలోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మండే గుణమున్న నైట్రేట్ ఫిల్మ్ నెగటివ్‌లు వందల సంఖ్యలో కాలిపోయాయి. మూలం పోయినచోట రెండో, మూడో తరం ప్రింట్ల మీదే పని చేయాలి.

ధ్వనికి ఒకే పరీక్ష: ముఖ్యమైన సంభాషణ ఒకటి రెండింటిలో వినండి. గొంతు మారిందా, నేపథ్య సంగీతం మాట వెనుక అణిగిపోయిందా అని చూస్తే సరిపోతుంది.

ఆరో అడుగు: సరిగా ఆడించుకోవడం

కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ చాలు. కదిలే బొమ్మల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి అడ్డగీతలు కనిపిస్తే కీబోర్డు మీద 'డి' అక్షరం నొక్కండి, అవి పోతాయి. మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తే 'ఎ' నొక్కుతూ 4:3 వచ్చేవరకు మార్చండి. పాల్ రికార్డింగు 720×576 చుక్కలుగా నిల్వ ఉంటుంది కానీ ఆ చుక్కలు చతురస్రాలు కావు కనుక ఈ గందరగోళం మామూలే. 'ఇ' అక్షరం ఒక్కో ఫ్రేమును ముందుకు జరుపుతుంది, తెగిన గీతలను పట్టుకోవడానికి ఇదే సాధనం. వేగంగా ఆడే ప్రతిని 0.96 వేగానికి తగ్గించవచ్చు. అయితే వీఎల్‌సీ వేగం తగ్గించినా స్వరస్థాయిని అలాగే ఉంచుతుంది. సంగీతం కూడా కిందికి దిగాలంటే ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అనే ఎంపికను తీసేయాలి.

ఏడో అడుగు: ఇంట్లోని టేపులను ఫైళ్ళుగా మార్చడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని ఇదే. చెన్నై గాలిలోని తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చుట్ట అంచు మీద పొడిలాంటిది కనిపిస్తే దాన్ని యంత్రంలో పెట్టకండి. ఆ బూజు యంత్రం తలకు అంటుకుని తరువాతి టేపులన్నిటికీ పాకుతుంది. అలాంటిది తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించాలి. బాగున్న టేపునైనా వెంటనే ఆడించకుండా ఒకసారి చివరి వరకు ముందుకు, తిరిగి వెనక్కి తిప్పండి, చుట్ట బిగువు సమానమవుతుంది. వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే పొరపాటున దాని మీద మరేదీ రికార్డవదు.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే వీసీఆర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ పరికరాలు దొరుకుతాయి. పని చేసే వీసీఆర్ దొరకడమే కష్టం. కొనే ముందు మీ టేపు ఒకటి తీసుకెళ్ళి అక్కడే ఆడించి చూడండి. నేను తొందరపడి ఒకటి కొని, ఇంటికి తెచ్చాక అది మొదటి టేపునే నమిలేస్తే నోరెళ్ళబెట్టాను. వీసీఆర్‌కు ఎస్-వీడియో కనెక్షన్ ఉంటే దాన్నే వాడండి, లేకపోతే పసుపు తీగ తప్పదు. సాఫ్ట్‌వేర్‌లో మొదట అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ ఎంపికై ఉండవచ్చు. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, పైకి దొర్లుతున్నా దాన్ని పాల్-బి కి మార్చండి. 720×576, 25 ఫ్రేములు పెట్టి, దువ్వెన గీతలను ఎక్కించేటప్పుడు తీసేయకుండా అలాగే ఉంచండి, ఎందుకంటే ఆడించేటప్పుడు తీసుకోవచ్చు, ఒకసారి పోగొడితే తిరిగి రావు. డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో గంటకు దాదాపు 13 జీబీ పడుతుంది. మూడు గంటల టేపుకు 39 జీబీ సిద్ధం చేసుకోండి.

ఫైలు పేరులో ఛానెల్, సుమారు సంవత్సరం, భాష, టేపు సంఖ్య ఉండాలి. రెండు కాపీలు రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. 2015 డిసెంబరు వరదల్లో మా కింది వాటా అల్మారా అడుగు అరలోని టేపులన్నీ పోయాయి. పై అరలో ఉన్న నాలుగే అప్పుడు మిగిలినవి.

కార్టూన్ మధ్యలో వచ్చే ప్రకటనలను మాత్రం కత్తిరించకండి. నేను మొదటి టేపుకు శుభ్రంగా ఉంటుందని అవన్నీ తీసేసి, ఆ తరువాత టేపును కూడా పారేశాను. పాండీ బజార్ చీరల దుకాణాల ప్రకటనలూ, "తరువాతి కార్యక్రమం" పలకలూ ఉన్నందువల్లే మిగతా మూడు టేపుల తేదీలను సంవత్సరం వరకు పట్టుకోగలిగాను. ఆ మొదటి టేపు ఫైలు పేరులో సంవత్సరం ఉండవలసిన చోట ఇప్పటికీ ఖాళీయే ఉంది.